పక్కపక్కన పెట్టి చూస్తేనే: సెల్‌ఫోన్ల ఎంపికపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ధోరణిలో ఉన్నాయి. రెండు ఫోన్ల పేర్లు రాసి, వాటి కింద కంపెనీలు ప్రకటించిన అంకెలు పేర్చి, ‘ఈ రెండింటిలో ఏది తీసుకోమంటారు?’ అని అడుగుతున్నారు. పత్రిక అచ్చయి మీ చేతికి అందేలోగా వాటిలో ఒకటి దుకాణంలో దొరకకుండా పోవచ్చు, రెండోదాని ధర మారిపోవచ్చు. అందువల్ల మోడళ్ళ పేర్లు తీసేసి, అసలు సందేహాన్ని మాత్రం ఉంచి జవాబులు రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను. ఇరవై ఏళ్ళుగా సెల్‌ఫోన్ల మీద మక్కువ పెంచుకున్న మామూలు వినియోగదారుణ్ని. ఇంట్లోవాళ్ళ ఫోన్లూ, చుట్టాల ఫోన్లూ కాసేపు అడిగి తీసుకుని పక్కపక్కన పెట్టి చూడటం నా అలవాటు. ఈ జవాబులన్నీ ఆ అలవాటులోంచి వచ్చినవే.

ప్రశ్న: ఇరవై వేల రూపాయల లోపు రెండు ఫోన్లు చూశాను. మొదటిదానిలో 108 మెగాపిక్సెళ్ళ కెమెరా, ‘8+8 జీబీ’ ర్యామ్ ఉన్నాయి. రెండోదానిలో 50 మెగాపిక్సెళ్ళ కెమెరా, 8 జీబీ ర్యామ్ మాత్రమే ఉన్నా ధర వెయ్యి రూపాయలు ఎక్కువ. దుకాణంలో మొదటిదే మేలంటున్నారు. అంకెలు తక్కువైన ఫోన్‌కు ధర ఎక్కువ ఎందుకు?
– ఒక బ్యాంకు ఉద్యోగి, హనుమకొండ

జవాబు: మీరు రాసిన అంకెల్లో అబద్ధమేమీ లేదు గానీ, మీకు కావలసిన సంగతి వాటిలో లేదు. ముందు కెమెరా విషయం చూద్దాం. 108 మెగాపిక్సెళ్ళ సెన్సర్ మామూలుగా ఫొటో తీసేటప్పుడు తొమ్మిదేసి పిక్సెళ్ళను కలిపి ఒకటిగా లెక్కిస్తుంది కనుక మీకు దక్కేది 12 మెగాపిక్సెళ్ళ ఫొటో. 50 మెగాపిక్సెళ్ళ సెన్సర్ నాలుగేసి పిక్సెళ్ళను కలుపుతుంది కనుక దానిలో దక్కేది పన్నెండున్నర. అంటే పెట్టె మీద రెట్టింపుకు పైగా ఉన్న తేడా గ్యాలరీలోకి వచ్చేసరికి కరిగిపోతుంది. నిజంగా తేడా తెచ్చేవి సెన్సర్ పరిమాణం, చేతి వణుకును సర్దే ఓఐఎస్ అనే ఏర్పాటు. సెన్సర్ పరిమాణాన్ని అంగుళంలో భిన్నంగా రాస్తారు. పైన ఒకటి ఉండి, కింది అంకె ఎంత చిన్నదైతే సెన్సర్ అంత పెద్దదని అర్థం. మీ ఉత్తరంతో పాటు పంపిన కాగితాల్లో రెండో ఫోన్‌కు ఓఐఎస్ ఉందని చివరి వరుసలో చిన్న అక్షరాల్లో రాసి ఉంది. మీరడిగిన వెయ్యి రూపాయలలో పెద్ద వాటా దానిదే అయి ఉండాలి.

దాని విలువ ఏమిటో నాకు నిరుడు కార్తీక పౌర్ణమి రాత్రి కళ్ళారా తెలిసింది. మా వీధి గుడి కోనేటి మెట్ల మీద నిలబడి, ఓఐఎస్ ఉన్న నా 50 మెగాపిక్సెళ్ళ ఫోన్‌తోనూ, అది లేని మా బావమరిది 108 మెగాపిక్సెళ్ళ ఫోన్‌తోనూ ఒకే చోటి నుంచి ఒకే దృశ్యం తీశాను. ఫోన్ తెర మీద చూస్తే రెండూ ఒకలాగే ఉన్నాయి. అతని ఫొటోలో రంగులు కాస్త ఎక్కువ మెరిశాయి కూడా. ఇంటికి వచ్చి పెద్దవి చేసి చూసినప్పుడు, దొన్నెలో దీపం పట్టుకుని కూర్చున్న మా మేనకోడలి గాజులు నా ఫొటోలో లెక్కపెట్టగలిగేలా ఉన్నాయి, అతని ఫొటోలో మాత్రం మణికట్టు చుట్టూ ఎర్రని పట్టీలా అతుక్కుపోయాయి. వెలుతురు తక్కువైనప్పుడు షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలి, ఆ సేపట్లో మన చెయ్యి కదులుతుంది, ఆ కదలికను లెన్సు ఎదురు కదిలి సరిచేస్తుంది. అయితే మెట్ల మీద పరుగులు తీస్తున్న పిల్లల ముఖాలు రెండు ఫొటోల్లోనూ చెదిరిపోయాయి, ఎందుకంటే ఓఐఎస్ మన చేతి వణుకును అదుపు చేస్తుంది గానీ ఎదుటివారి పరుగును కాదు. పట్టపగలు తీసే ఫొటోలే మీకు ముఖ్యమైతే ఈ తేడా కోసం వెయ్యి రూపాయలు పెట్టనక్కరలేదు. వెనకవైపు కనబడే కెమెరా గుండ్రాల లెక్కను కూడా పట్టించుకోకండి. వాటిలో 2 మెగాపిక్సెళ్ళ మాక్రో, డెప్త్ అని రాసి ఉన్నవి చాలావరకు వరసకు నిలబెట్టినవే.

ఇక ‘8+8 జీబీ’ సంగతి. దానిలో మొదటి 8 మాత్రమే ర్యామ్, అంటే తెరిచిన యాప్‌లను నిలిపి ఉంచే జ్ఞాపకం. రెండో 8 స్టోరేజీలోంచి అప్పు తెచ్చి చూపించింది. వంటింట్లో పొయ్యి గట్టు చాలనప్పుడు కొన్ని గిన్నెలు అటక మీద పెట్టి, కావలసినప్పుడల్లా నిచ్చెన ఎక్కి దించుకోవడం లాంటిది అది. పని జరుగుతుంది గానీ గట్టు మాత్రం పెద్దది కాదు. ఈ కిటుకు దాదాపు అన్ని కంపెనీల ఫోన్లలోనూ ఉంది కాబట్టి రెండో ఫోన్‌లో కూడా సెట్టింగ్స్ వెతికితే బహుశా కనబడుతుంది. ఆ కంపెనీ దాన్ని పెట్టె మీద కలిపి రాయలేదు, అంతే. అంతకంటే ముఖ్యం ఆ అటక ఎలాంటిదన్నది. స్టోరేజీ ఈఎంఎంసీ 5.1 రకమా, యూఎఫ్ఎస్ 2.2 లేదా అంతకంటే కొత్తదా అని తప్పకుండా అడగండి. ఈఎంఎంసీ ఒంటి వరుస వంతెన లాంటిది, చదవడం గానీ రాయడం గానీ ఒక్కసారికి ఒక్కటే సాగుతుంది. యూఎఫ్ఎస్‌లో రెండూ ఒకేసారి సాగుతాయి. ఒకవైపు అప్‌డేట్లు దిగుతుండగా ఇంకోవైపు ఫోన్ నత్తనడక నడవడానికి కారణం చాలాసార్లు ప్రాసెసర్ కాదు, ఈ స్టోరేజీయే.

దుకాణంలోనే చేయగలిగిన పరీక్ష ఒకటి ఉంది. రెండు ఫోన్లలోనూ ఒక వార్తాపత్రిక పేజీ తెరిచి సగం వరకు జరపండి. తరువాత కెమెరా, మ్యాప్, యూట్యూబ్, ఇంకో నాలుగైదు యాప్‌లు వరుసగా తెరిచి, మళ్ళీ మొదటి పేజీకి రండి. చదువుతూ ఆపిన చోటే పేజీ నిలిచి ఉంటే సరే. తెల్లబోయి మొదటి నుంచి తెరుచుకుంటే ఆ ఫోన్‌లో జ్ఞాపకం చాలడం లేదని అర్థం. దుకాణం కౌంటర్ మీద పెట్టే ఫోన్లలో కంపెనీ ప్రదర్శన వీడియో తిరుగుతూ ఉంటుంది, దాన్ని ఆపించి చూపించమని అడగడానికి మొహమాటపడకండి. నేను ఆబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్‌కు వెళ్ళినప్పుడల్లా ఈ పరీక్ష చేస్తాను. మొదట విసుక్కునే కుర్రవాళ్ళే కాసేపటికి సరదా పుట్టి తమ సొంత ఫోన్లు కూడా తీసి పక్కన పెడతారు.

ప్రశ్న: నా వయసు అరవై ఎనిమిది. రోజూ మూడు గంటలు ఫోన్‌లోనే తెలుగు పత్రికలు చదువుతాను. మా అబ్బాయి ఎమోలెడ్ తెర ఉన్న ఫోన్ కొనిస్తానంటున్నాడు. నా పాత ఎల్‌సీడీ ఫోన్‌తో ఏ ఇబ్బందీ లేదు గానీ, మా కోడలి కొత్త ఫోన్‌లో రాత్రిపూట చదివితే తలనొప్పి వస్తోంది. ఇది నా భ్రమా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: భ్రమ కాకపోవచ్చండీ. చాలా ఎమోలెడ్ తెరలు వెలుగు తగ్గించమన్నప్పుడు నిజంగా మసకబారవు. సెకనుకు వందలసార్లు ఆరి వెలుగుతూ, ఆరి ఉండే సమయాన్ని పెంచుకుంటాయి. దానిని పీడబ్ల్యూఎం అంటారు. మన కంటికి అది మినుకుమినుకుమన్నట్టు కనబడదు గానీ, కొందరికి కళ్ళు లాగుతాయి, తల బరువెక్కుతుంది. వెలుగు బాగా తగ్గించి చదివే రాత్రివేళ ఈ బాధ ఎక్కువ. కోడలిగారి ఫోన్‌ను తక్కువ వెలుగులో పెట్టి, మరో ఫోన్ కెమెరాను ప్రో మోడ్‌లో సెకనులో వెయ్యో వంతు షట్టర్‌కు మార్చి దానివైపు చూపించండి. తెర మీద నల్లని అడ్డపట్టీలు పాకుతూ కనబడితే కారణం అదే కావచ్చు. ఆరి వెలిగే వేగం సెకనుకు రెండు మూడు వేలసార్లు ఉన్న ఎమోలెడ్ తెరలు ఇప్పుడు మధ్యతరగతి ధరల్లోనే దొరుకుతున్నాయి. మీకు సరిపడితే అవి, లేకపోతే మంచి ఎల్‌సీడీ. పాత సాంకేతికత అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, చదివేది మీరు కదా.

అబ్బాయిని ఇంకో విషయం చూడమనండి. ప్రకటనల్లో రెండువేలు, మూడువేలు నిట్స్ అని రాసే వెలుగు, తెరలో ఒక చిన్న భాగం కొన్ని క్షణాలు చేరుకోగల గరిష్ఠ స్థాయి మాత్రమే. పత్రిక చదివేటప్పుడు తెరంతా తెల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ ఆ అంకె వర్తించదు. ఎండలో తెరంతా ఎంత వెలుగుతుందో చెప్పేది హెచ్‌బీఎం అని విడిగా ఇచ్చే అంకె. అదీ దొరకకపోతే రెండు ఫోన్లు తీసుకుని దుకాణం మెట్టు దిగి ఎండలో నిలబడి, ఒకే పత్రికలో ఒకే వార్త చదవండి.

తెలుగు చదివేవాళ్ళం అక్షరాల పరిమాణం దగ్గర కూడా కొంచెం నిలబడి చూడాలి. ఇంగ్లిషుకు సరిపోయే సైజులో మన ఒత్తులు చుక్కల్లా మిగులుతాయి, థకు, ధకు తేడా తెలియదు. అందువల్ల అక్షరాలను రెండు మూడు మెట్లు పెంచి, ఆ తరువాత సందేశాలు, సెట్టింగ్స్, బ్యాంకు యాప్ తెరిచి చూడండి. కొన్ని ఫోన్లలో పెంచిన అక్షరాలకు పై గుడి, కింది ఒత్తు తెగిపోతాయి, కొన్నింటిలో మీటల మీద మాట సగంలో ఆగిపోతుంది. ఒకప్పుడు, అంటే తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్ల కాలంలో, చాలా వాటిలో తెలుగుకు బదులు ఖాళీ డబ్బాలే కనబడేవి. ఆ రోజులు చూసినవాణ్ని కాబట్టి నాకు ఈ విషయంలో పట్టింపు కొంచెం ఎక్కువే.

ప్రశ్న: మా ఊళ్ళో 5జీ వచ్చింది. నా ఫోన్, మా తమ్ముడి ఫోన్ రెండూ 5జీవే, సిమ్ కంపెనీ కూడా ఒకటే. ఇంటి నడవాలో కూర్చుంటే వాడికి వస్తుంది, నాకు 4జీకి దిగిపోతుంది. అన్ని 5జీ ఫోన్లూ ఒకటి కావా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: కావు. 5జీ ఒకే దారిలో రాదు, బ్యాండ్లు అనే పలు దారుల్లో వస్తుంది. మన దేశంలో 2022 ఆగస్టులో వేలం ముగిసి, అక్టోబరులో సేవలు మొదలైనప్పుడు ప్రధానంగా నడిచినది ఎన్78 బ్యాండ్. అది 3300 మెగాహెర్ట్జ్ పైన ఉంటుంది కాబట్టి వేగం బాగుంటుంది గానీ, మందపాటి గోడలంటే దానికి జంకు. ఎన్28 అనే బ్యాండ్ 700 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వేగం తక్కువైనా దూరం పోతుంది, గోడలు దాటుతుంది. ఆ వేలంలో ప్రైవేటు కంపెనీలలో 700 మెగాహెర్ట్జ్ కొన్నది జియో ఒక్కటే. మీ సిమ్ ఏ కంపెనీదో మీరు రాయలేదు. జియోది అయితే మాత్రం మీ ఫోన్ వివరాల్లో ఎన్28 ఉందో లేదో మొదట చూడండి. జియో 5జీ స్టాండలోన్ పద్ధతిలో, అంటే 4జీ ఆసరా లేకుండా నడుస్తుంది కాబట్టి ఎస్ఏ అన్న మాట కూడా అక్కడ కనబడాలి. రెండు బ్యాండ్లతో సరిపెట్టిన చవక ఫోన్లకూ, పన్నెండు బ్యాండ్లున్న ఫోన్లకూ పెట్టె మీద ‘5జీ’ అనే ముద్ర ఒక్కటే.

బ్యాండ్లు సమానంగా ఉన్నా లోపలి యాంటెన్నా అమరిక వల్ల తేడా రావచ్చు. దాన్ని పోల్చే పద్ధతి తేలిక: మీ సిమ్‌నే ముందు మీ ఫోన్‌లో, తరువాత తమ్ముడి ఫోన్‌లో వేసి, నడవాలో అదే కుర్చీలో, అదే వేళ చూడండి. తెర మీది సిగ్నల్ గీతల లెక్కను నమ్మకండి. ఎన్ని గీతలు చూపించాలన్నది ఒక్కో కంపెనీ ఇష్టం. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాలు, సిమ్ స్టేటస్ దగ్గర సిగ్నల్ బలాన్ని చెప్పే డీబీఎం అని ఒక అంకె ఉంటుంది. అది ఋణ సంఖ్య కాబట్టి సున్నాకు దగ్గరగా ఉన్నదే మెరుగు: మైనస్ 85 ఉంటే హాయి, మైనస్ 115 దాటితే అవస్థ. రెండు ఫోన్ల మధ్య ఒకటి రెండు అంకెల తేడా లెక్కలోకి రాదు, పది తేడా ఉంటే మాత్రం ఆ ఫోన్‌ది నిజంగానే బలహీనమైన చెవి.

ప్రశ్న: ఫోన్ల రేడియేషన్‌ను పోల్చుకోవచ్చా?
– ఒక గృహిణి, నంద్యాల

జవాబు: పోల్చుకోవచ్చు. డయలర్‌లో *#07# కొడితే చాలా ఫోన్లలో ఎస్ఏఆర్ అంకె, అంటే శరీరం గ్రహించే రేడియేషన్ కొలత వస్తుంది. మన దేశంలో పరిమితి కిలోకు 1.6 వాట్లు. దుకాణంలో చట్టబద్ధంగా అమ్మే ఫోన్లన్నీ దీనికి లోబడే ఉండాలి కాబట్టి, 0.8 ఉన్నదాన్ని వదిలి 0.7 ఉన్నదాన్ని వెతుక్కుంటూ తిరగనక్కరలేదు.

ప్రశ్న: 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ, 80 వాట్ల చార్జింగ్ ఉన్న ఫోన్ ఒకటి, 6,500 ఎంఏహెచ్ బ్యాటరీ, 44 వాట్ల చార్జింగ్ ఉన్నది మరొకటి. నేను బైక్ మీద డెలివరీలు చేస్తాను. రోజంతా మ్యాప్ నడవాలి. ఏది?
– ఒక యువకుడు, విజయవాడ

జవాబు: మీకు రెండోదే. బండి మీద ఉన్నప్పుడు వేగంగా చార్జయ్యే ఫోన్ కంటే చార్జింగ్ అడగని ఫోన్ మేలు. ఇంత పెద్ద బ్యాటరీ పెట్టినా ఫోన్ లావెక్కకపోవడానికి కారణం, బ్యాటరీ ఋణ ధ్రువంలో గ్రాఫైట్‌తో పాటు సిలికాన్ కలపడం. దానివల్ల అదే స్థలంలో ఎక్కువ శక్తి ఇముడుతుంది.

అయితే ఎంఏహెచ్ అంకె ఇంధనం ట్యాంకు సైజు మాత్రమే, మైలేజీ కాదు. 2003లో వచ్చిన నోకియా 1100లో ఉన్నది 850 ఎంఏహెచ్ బ్యాటరీ. వారానికి ఒకటి రెండుసార్లు చార్జింగ్ పెట్టి, కరెంటు పోయిన రాత్రి దాని టార్చి వెలుగులో అన్నాలు తిన్నవాళ్ళం మనలో చాలామందిమి. తెర చిన్నది, రంగుల్లేవు, ఇంటర్నెట్ లేదు, కాబట్టి ఖర్చూ లేదు. ఇప్పటి ఫోన్లలో ఖర్చు పెట్టేవి తెర, మోడెమ్, ప్రాసెసర్. మీ పనిలో ఎండకు తెర పూర్తి వెలుగులో ఉంటుంది, సిగ్నల్ కోసం మోడెమ్ టవర్ తరువాత టవర్ వెతుకుతుంది, జీపీఎస్ ఆగదు. అందుచేత కంపెనీ చెప్పే ‘రెండు రోజుల బ్యాటరీ’ మీకు ఒక రోజు వస్తే సంతోషించాలి. మీ స్నేహితుల్లో ఎవరి దగ్గరైనా ఈ రెండు ఫోన్లలో ఒకటి ఉంటే, రాత్రి సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీ తెరిచి, తెర ఎన్ని గంటలు వెలిగిందో, ఎంత శాతం మిగిలిందో చూడండి. మీలాంటి పని చేసేవారి పేజీ ఒక్కటి చూస్తే యాభై సమీక్షలు చదివినదానికి సమానం.

ఇంకొక ఖర్చు చెప్పాలి. 80 వాట్ల వేగం చాలా కంపెనీల ఫోన్లలో ఆ కంపెనీ చార్జర్, ఆ కేబుల్ కలిసినప్పుడే వస్తుంది; వేరే చార్జర్ పెడితే బాగా తగ్గిపోతుంది. కొన్ని పెట్టెల్లో చార్జరే ఉండటం లేదు. రెండు ఫోన్ల ధరలు పోల్చేటప్పుడు చార్జర్ లేనిదానికి దాని ఖరీదు కలిపి లెక్క వేయండి.

ప్రశ్న: పాతిక వేలకు కొత్త మధ్యశ్రేణి ఫోన్ కొనాలా, రెండేళ్ళు వాడిన ఖరీదైన ఫోన్ సెకండ్ హ్యాండ్‌లో కొనాలా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, అనంతపురం

జవాబు: నేనైతే రెండూ చేశాను, రెండోదానిలో ఒకసారి దెబ్బ కూడా తిన్నాను. ఫొటోలు, వీడియో, స్టోరేజీ వేగం, నీటి రక్షణ, స్పీకర్లు వరుసగా పక్కన పెట్టి చూస్తే రెండేళ్ళనాటి ఖరీదైన ఫోన్ ఇప్పటికీ కొత్త మధ్యశ్రేణిని ఓడిస్తుంది. ఓడిపోయేది బ్యాటరీ దగ్గర, వారంటీ దగ్గర, మిగిలిన అప్‌డేట్ల దగ్గర. అప్‌డేట్ల లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ విడుదలైన రోజు నుంచి మొదలవుతుంది. గూగుల్ 2023 అక్టోబరులో పిక్సెల్ 8తోనూ, శాంసంగ్ 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తోనూ ఏడేళ్ళ అప్‌డేట్లు ప్రకటించాయి కాబట్టి వాటి తరం ఫోన్లు సెకండ్ హ్యాండ్‌లో ఇంకా చాలాకాలం నడుస్తాయి. అంతకుముందు తరాలకు ఆ మాట వర్తించదు; విడుదల తేదీ, హామీ ఇచ్చిన ఏళ్ళు కాగితం మీద రాసుకుని తీసివేత చేసి చూసుకోండి.

నేను దెబ్బ తిన్నది ఇలా. ఒక దుకాణంలో మెరుస్తున్న ఫోన్ చూసి ముచ్చటపడి కొన్నాను. వారంలో తెలిసింది, దాని తెర మార్చినది, అదీ అసలు కంపెనీ తెర కాదు. పక్క నుంచి చూస్తే తెలుపు ఆకుపచ్చగా మారేది, వేలిముద్ర నాలుగుసార్లకు ఒకసారి పట్టేది, ఎండలోకి వెళ్తే వెలుగు తనంతట తాను పెరిగేది కాదు. దుకాణంవారు ‘మీరు చూసుకునే కొన్నారు కదా’ అన్నారు, అది నిజమే. అందుకని ఇప్పుడు చూసే పద్ధతి మార్చాను: తెర మీద పూర్తి తెల్లని పేజీ తెరిచి నాలుగు వైపుల నుంచి వంచి చూస్తాను, వేలిముద్ర అక్కడికక్కడే నమోదు చేసి పదిసార్లు తెరుస్తాను, తెర పైన వెలుతురును కొలిచే సెన్సర్ మీద అరచెయ్యి అడ్డం పెట్టి వెలుగు తగ్గుతోందో లేదో చూస్తాను. పాత ఫోన్‌కు నీటి రక్షణ ముద్ర ఉన్నా దాన్ని లేనట్టే భావిస్తాను. ఒకసారి విప్పి బిగించిన ఫోన్‌లో ఆ జిగురు మునుపటిలా ఉండదు.

అన్నిటికంటే ముందు చేయవలసినది దొంగ ఫోన్ కాదని తేల్చుకోవడం. *#06# కొడితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐని, అంటే ఫోన్ గుర్తింపు సంఖ్యను, పెట్టెతోనూ బిల్లుతోనూ సరిచూడండి. తరువాత సందేశంలో కేవైఎం అని ఇంగ్లిషు అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కు పంపండి. కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ పోర్టల్‌లోనూ ఇదే సౌకర్యం ఉంది. బ్లాక్ చేసినదనో, ఇప్పటికే వాడుకలో ఉన్నదనో జవాబు వస్తే ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.

ప్రశ్న: అంటుటు స్కోరు ఒకదానికి ఎనిమిది లక్షలు, మరొకదానికి ఆరు లక్షలు ఉంటే తేడా తెలుస్తుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అంటుటు అంటే ఫోన్ వేగాన్ని పరీక్షించి స్కోరు ఇచ్చే యాప్. ఆ తేడా వాట్సాప్‌లో తెలియదు, ఆటల్లో తెలియవచ్చు. ఒక్కసారి వచ్చిన స్కోరును కాకుండా, వెంటవెంటనే మూడుసార్లు నడిపి మూడోసారి వచ్చినదాన్ని పోల్చండి. వేడెక్కాక ఎనిమిది లక్షల ఫోన్ ఐదున్నరకు జారి, ఆరు లక్షల ఫోన్ అక్కడే నిలబడటం నేను చూశాను. మే నెలలో కరీంనగర్‌లో మీరు చేసే పరీక్ష ఏ ఏసీ గదిలో చేసిన సమీక్ష కంటే నిక్కచ్చిగా ఉంటుంది.

ప్రశ్న: ఇంతమందికి సలహాలిస్తారు, మీరు ఏ ఫోన్ వాడుతున్నారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: నాలుగేళ్ళ క్రితం కొన్న మధ్యశ్రేణి ఫోన్. మొన్న సంక్రాంతి ఆఫర్లలో కొత్తది కొందామని అనుకుని, అలవాటు ప్రకారం మా తోడల్లుడి కొత్త ఫోన్ ఒక ఆదివారమంతా తెచ్చుకుని నా దాని పక్కన పెట్టాను. చార్జింగ్ వేగంలోనూ, రాత్రి వీడియోలోనూ అతనిది స్పష్టంగా మెరుగు. తెలుగు టైపు చేయడంలో, ఫోన్ మాట్లాడటంలో, యూపీఐ చెల్లింపుల్లో నాకు తేడా తెలియలేదు. నా ఫోన్‌తో ఉన్న ఒకే ఒక్క ఫిర్యాదు సాయంత్రానికే చార్జింగ్ అయిపోవడం కాబట్టి, అధీకృత సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ మార్పించాను. దానికి ఇంకా ఏడాదిన్నర భద్రతా అప్‌డేట్లు ఉన్నాయి. కొత్త ఫోన్ సంగతి వచ్చే ఏడాది దసరాకు చూస్తాను.